పేరు హాజరు పట్టీలో ఉంది, పిల్ల తరగతిలో ఉందా?

"మా పాపని ఏ బడిలో వెయ్యాలండీ?"

ఆటిజమనో, వినికిడి లోపమనో, సెరిబ్రల్ పాల్సీ అనో డాక్టరు చెప్పి పంపాక తల్లిదండ్రుల్ని నిద్ర పోనివ్వని ప్రశ్న ఇది. దీనికి ఊళ్లో ఒక్కొక్కరు ఒక్కో జవాబు చెబుతారు. సర్కారు బడి హెచ్.ఎం. "తీసుకురండమ్మా, పేరు రాసుకుంటాం" అంటారు. పక్కింటివాళ్లు "ఇలాంటివాళ్లకి హైదరాబాదులో వేరే స్కూళ్లున్నాయి కదా" అంటారు. ప్రైవేటు స్కూలువాళ్లు ముఖం మీద కాదనరు. "మా దగ్గర స్పెషల్ టీచర్ లేరండీ, రేపు మీ పాపే ఇబ్బంది పడుతుంది" అని మెత్తగా పంపేస్తారు. ఆఫీసుకి వెళ్తే "ముందు సదరం (వైకల్య ధ్రువపత్రం) చేయించుకుని రండి" అన్న మాట వినబడుతుంది.

నలుగురి మాటల్లోనూ తలా కాస్త నిజం ఉంది. నాలుగూ కలిపితే మాత్రం ఆ తల్లికి దారి దొరకదు. చట్టం ఇచ్చేది ఒకటి, పథకం ఇచ్చేది ఒకటి, సర్టిఫికెట్‌తో వచ్చేది ఇంకొకటి, తరగతి గదిలో నిజంగా జరిగేది మరొకటి. వీటిని కలగలిపి మాట్లాడుకోవడంతోనే చిక్కంతా వచ్చింది. విడదీసి చూస్తే ఒక సంగతి తేటపడుతుంది. పిల్లని బడిలో చేర్చుకోవడం వరకు మన దేశంలో హక్కు గట్టిగానే ఉంది. చేరిన పిల్లకి చదువు చెప్పే మనిషినీ, అందుకు పట్టే సమయాన్నీ ఇచ్చే చోటికి వచ్చేసరికి అది పలచబడిపోతోంది.

విలీనమా, సహితమా

ముందు మాటల సంగతి చూద్దాం. వైకల్యం ఉన్న పిల్లల్ని వీలైనంతవరకు మామూలు బడుల్లోనే చదివించాలని 1964–66 నాటి కొఠారీ కమిషన్ చెప్పింది. 1974లో కేంద్రం అందుకోసం ఒక పథకం తెచ్చింది. తర్వాత సర్వశిక్షా అభియాన్ వచ్చింది, 2018 నుంచి సమగ్ర శిక్ష నడుస్తోంది. మన విద్యాశాఖ కాగితాల్లో దీన్ని ఒకప్పుడు 'విలీన విద్య' అనేవారు. ఇప్పుడు 'సహిత విద్య' అనీ 'సమ్మిళిత విద్య' అనీ అంటున్నారు.

మాట మారితే ఏమొచ్చింది అనిపించవచ్చు. కానీ తేడా అంతా ఆ మాటల్లోనే దాగి ఉంది. విలీనమంటే ఉప్పు నీళ్లలో కరిగినట్టు కరిగిపోవడం. కరగాల్సింది ఉప్పే, నీళ్లు ఉన్నచోటే ఉంటాయి. ఈ పద్ధతిలో బడి ఏమీ మారదు. మెట్లు అలాగే ఉంటాయి, బోర్డు మీది అక్షరాలు అంతే చిన్నగా ఉంటాయి, పాఠం అదే వేగంతో సాగిపోతుంది. పిల్ల తన తంటాలు తాను పడి అందులో ఇమిడితే సరే, లేకపోతే "ఈ పిల్ల ఇక్కడ చదవలేదు" అని తేల్చేస్తారు. సహితమంటే తోడుగా, కలిసి. అక్కడ పిల్ల ఎంత కదలాలో బడి కూడా అంత కదలాలి.

2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం ఈ రెండో అర్థాన్నే తీసుకుంది. వైకల్యం ఉన్నవాళ్లూ లేనివాళ్లూ కలిసి చదువుకోవాలని చెప్పి అక్కడితో ఆగలేదు. బోధనా పద్ధతిని రకరకాల వైకల్యాలున్న పిల్లల అవసరాలకు తగ్గట్టు మార్చాలని కూడా నిర్వచనంలోనే రాసింది. 1994లో స్పెయిన్‌లోని సలమాంకాలో 92 దేశాల ప్రభుత్వాలు కలిసి ఒప్పుకున్నదీ, 2007లో మనదేశం ఆమోదించిన ఐక్యరాజ్యసమితి వికలాంగుల హక్కుల ఒడంబడిక 24వ అధికరణం చెప్పేదీ ఇదే. కాగితం మీద మనం ఎవరికీ తీసిపోలేదు.

రెండు చట్టాలు, ఒక పిల్ల

గందరగోళానికి మొదటి కారణం, ఒకే పిల్లకి రెండు చట్టాలు వర్తించడం.

2009 నాటి విద్యాహక్కు చట్టం 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. 6 నుంచి 14 ఏళ్ల పిల్లలందరికీ దగ్గరలోని బడిలో ఉచిత నిర్బంధ విద్య ఇవ్వాలంటుంది. 2012లో దాన్ని సవరించి, వైకల్యం ఉన్న పిల్లల్ని 'ప్రతికూల పరిస్థితుల్లో ఉన్న వర్గం'లో చేర్చారు. దాంతో ప్రైవేటు బడులు 25 శాతం సీట్లు ఉచితంగా ఇవ్వాలన్న నిబంధన వీళ్లకూ వర్తించింది. ఆంధ్రప్రదేశ్‌లో ఆ 25లో ఐదు, అంటే మొత్తం సీట్లలో 5 శాతం, అనాథ పిల్లలకు, హెచ్.ఐ.వి. బాధిత పిల్లలకు, వికలాంగ పిల్లలకు కలిపి కేటాయించారు.

2016 చట్టం 2017 ఏప్రిల్ 19న అమల్లోకి వచ్చింది. అది వయసును 18 దాకా పెంచింది. నలభై శాతం లేదా అంతకు మించి వైకల్యం ఉన్న ప్రతి పిల్లకూ 6 నుంచి 18 ఏళ్ల వరకు ఉచిత విద్య పొందే హక్కుంది. అది దగ్గరి బడిలోనైనా కావచ్చు, ప్రత్యేక పాఠశాలలోనైనా కావచ్చు. ఎంచుకునే అధికారం పిల్లదీ, పిల్ల తరఫున తల్లిదండ్రులదీ. హెచ్.ఎం.దీ కాదు, మండల విద్యాధికారి (ఎం.ఈ.ఓ.)దీ కాదు. "మీ అబ్బాయికి స్పెషల్ స్కూలే మంచిది" అని ఎవరైనా సలహా ఇవ్వవచ్చుగానీ, ఆ మాట చెప్పి ఊరి బడి తలుపు మూసే అధికారం ఎవరికీ లేదు.

2012 సవరణ ఇంకో తలుపు కూడా తెరిచింది. తీవ్ర వైకల్యం, బహుళ వైకల్యాలు ఉన్న పిల్లలు ఇంటి దగ్గరే చదువుకోవడాన్ని ఎంచుకోవచ్చు. మంచం దిగలేని పిల్లకి ఇది గొప్ప ఊరట. ప్రమాదమూ ఇక్కడే ఉంది. 'ఎంచుకోవచ్చు' అన్నది మెల్లగా 'ఇంటి దగ్గరే ఉంచండి' అయిపోతుంది. విద్యాహక్కు చట్టం షెడ్యూలు ప్రకారం ఒకటి నుంచి ఐదు తరగతులకు ఏడాదికి 200 పనిదినాలు, 800 గంటల బోధన ఉండాలి. ఇంటికి వచ్చే రిసోర్స్ టీచర్ (ఇలాంటి పిల్లలకి చెప్పడానికి శిక్షణ పొందిన టీచరు) వారానికో గంట చొప్పున, ఏడాదిలో నలభై వారాలు, ఒక్కవారం కూడా తప్పకుండా వచ్చారనుకుందాం. మొత్తం నలభై గంటలు. పక్కింటి పిల్లకి అందేదాంట్లో ఇరవయ్యో వంతు. అయినా రికార్డుల్లో ఇద్దరూ 'విద్య పొందుతున్నవారే'.

2016 చట్టంలో ఎక్కువమంది గమనించని మెలిక ఇంకొకటి ఉంది. ప్రభుత్వ గుర్తింపు ఉన్న ప్రతి విద్యాసంస్థా, ప్రైవేటు బడులతో సహా, సమ్మిళిత విద్య అందించేలా ప్రభుత్వం చూడాలని 16వ సెక్షన్ అంటుంది. వివక్ష లేకుండా చేర్చుకోవడం, భవనాన్ని అందుబాటులోకి తేవడం, పిల్ల అవసరాన్ని బట్టి ఏర్పాట్లు చేయడం, అభ్యసన వైకల్యాలను తొందరగా గుర్తించడం, రవాణా కల్పించడం, ఇలా జాబితా బాగానే ఉంది. కానీ ఆ సెక్షన్ మొదట్లోని క్రియాపదం 'ప్రయత్నించాలి' అని ఉంది. ఉచిత విద్య హక్కు గురించి నిక్కచ్చిగా మాట్లాడిన చట్టమే, ఆ విద్య ఎలా అందాలో చెప్పేచోట గొంతు తగ్గించింది. ఊళ్లో కనబడే దృశ్యానికి మూలం కొంత ఈ క్రియాపదంలోనే ఉందని నా అభిప్రాయం.

సర్టిఫికెట్ దేనికి కావాలి, దేనికి అక్కర్లేదు

1995 చట్టంలో ఏడు రకాల వైకల్యాలే ఉండేవి. 2016 చట్టం వాటిని 21కి పెంచింది. ఆటిజం, డిస్లెక్సియా లాంటి అభ్యసన వైకల్యాలు, కండరాల క్షీణత, తలసీమియా, హిమోఫిలియా, సికిల్ సెల్ వ్యాధి, యాసిడ్ దాడి బాధితులు, పార్కిన్సన్స్, ఇవన్నీ అందులోకి వచ్చాయి. మన ఏజెన్సీ ప్రాంతాల్లో సికిల్ సెల్‌తో నెలలో సగం రోజులు ఒళ్లు నొప్పులతో బడి మానేసే పిల్లవాడు కూడా ఇప్పుడు ఈ చట్టం నీడలోకి వస్తాడన్నమాట. ఆ సంగతి అతని టీచరుకి తెలియాలి కదా.

పింఛనుకు, పై చదువుల్లో 5 శాతం రిజర్వేషన్‌కు, 18 ఏళ్ల దాకా ఉచిత విద్యకు సర్టిఫికెట్ కావాలి. శాతం నలభై ఉండాలి. ఇందులో వాదన లేదు. కానీ బడిలో చేరడానికి అది అక్కర్లేదు. విద్యాహక్కు చట్టం ప్రకారం వయసు ధ్రువపత్రం లేదన్న కారణంతో కూడా పిల్లని తిప్పి పంపకూడదు, సదరం లేదని పంపడం ఎక్కడి న్యాయం? 16వ సెక్షన్‌లోని ఏర్పాట్లకీ ఈ నలభై శాతంతో సంబంధం లేదు. ముప్పై శాతం చూపు లోపం ఉన్న పిల్లని ముందు వరుసలో కూర్చోబెట్టడానికి డాక్టరు కాగితం దేనికి?

2021 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు వికాస్ కుమార్ కేసులో చెప్పింది ఈ తేడానే. రాసేటప్పుడు చెయ్యి పట్టేసే అభ్యర్థికి నలభై శాతం లేదన్న కారణంతో పరీక్షలో లేఖకుణ్ని (చెబుతుంటే రాసిపెట్టే మనిషిని) నిరాకరించారు. నలభై శాతం గీత రిజర్వేషన్లకు సంబంధించినదే గానీ, సహేతుకమైన ఏర్పాటు పొందే హక్కు వైకల్యం ఉన్న ప్రతి ఒక్కరిదీ అని కోర్టు తేల్చింది.

ఈ లెక్కల్లో అసలు కనబడకుండా పోయేవాళ్లు డిస్లెక్సియా ఉన్న పిల్లలు. కళ్లు బాగుంటాయి, చెవులు బాగుంటాయి, మాటకారులు కూడా. పుస్తకం తెరిస్తేనే చెమటలు. మన తెలుగు లిపి వీళ్లకి పెట్టే పరీక్ష ప్రత్యేకమైనది. ప–వ, మ–య, థ–ధ, ఘ–ఫ–ష, వీటి మధ్య తేడా ఒక చిన్న కొమ్మో, చుక్కో, మెలికో. దాని మీద గుణింతం, కింద ఒత్తు. పలికే క్రమం ఒకటి, కన్ను తిరగాల్సిన దారి ఇంకొకటి. 'స్త్రీ' అన్న ఒక్క అక్షరం చదవాలంటే మధ్యకి, కిందికి, పైకి చూసి అన్నీ కలిపి ఒక్క ధ్వని చెయ్యాలి. అది కుదరని పిల్లవాడికి మన బడుల్లో ఉన్న పేరు 'మొద్దు'. అభ్యసన వైకల్యానికి 2018 మార్గదర్శకాల ప్రకారం 8 ఏళ్లు నిండాకే ధ్రువీకరణ. మళ్లీ 14 ఏళ్లకు, 18 ఏళ్లకు పరీక్షించాలి. అంటే మూడో తరగతి దాకా ఆ పిల్లవాణ్ని కాపాడేది కాగితం కాదు, గమనించిన టీచరే. 21 వైకల్యాల తొలి లక్షణాల్ని టీచర్లే గుర్తించేందుకు ఎన్.సి.ఇ.ఆర్.టి. 2022లో 'ప్రశస్త్' అనే యాప్ తెచ్చింది. గుర్తించాక ఎవరి దగ్గరికి పంపాలన్నది దాని తర్వాతి ప్రశ్న.

సీతారామపురం నుంచి హైదరాబాదుకు

మామూలు బడా, ప్రత్యేక బడా అన్న వాదన ఎప్పుడొచ్చినా నాకు శ్రీకాంత్ బొల్లా గుర్తొస్తారు. ఈ పారిశ్రామికవేత్త కథ చాలామందికి తెలుసు, దాన్ని ఒక విజయగాథగానే చెప్పుకుంటాం. నేను దాన్ని బడుల కథగా చదువుతాను.

మచిలీపట్నం దగ్గర సీతారామపురంలో, పుట్టుకతోనే చూపులేని బిడ్డ. ఆరేళ్ల వయసులో అన్న సాయంతో, తోటి పిల్లల వెంట నడుచుకుంటూ ఊరి బడికి వెళ్లేవాడు. రెండేళ్లు వెళ్లాడు. ఎవరూ తనతో మాట్లాడేవారు కాదని ఆయనే చెప్పుకున్నారు. అంటే 'అందుబాటు' ఉంది. ఊరి బడి, రోజూ హాజరు. చదువు మాత్రం లేదు. ఎనిమిదేళ్లకు ఊరికి వందల కిలోమీటర్ల దూరంలో ఉన్న హైదరాబాదు పంపి, అంధుల హాస్టల్ పాఠశాలలో చేర్చారు. ఇంటికి దూరమయ్యాడు, చదువుకు దగ్గరయ్యాడు. చుట్టూ తనలాంటి పిల్లలు, చేతికింద బ్రెయిలీ. పదో తరగతి మంచి మార్కులతో పాసయ్యాడు.

అక్కడ మళ్లీ మామూలు చదువు తలుపు ఎదురైంది. ఇంటర్‌లో సైన్సు తీసుకుంటానంటే బోర్డు కుదరదంది. బొమ్మలు, గ్రాఫులు, ప్రయోగాలు చూపులేనివాళ్లకి సాధ్యం కావని అభ్యంతరం. టీచర్ల అండతో కోర్టుకెక్కి, నెలల తరబడి పోరాడి, సైన్సులో చేరే అనుమతి తెచ్చుకున్నాడు. పాఠాలు ఆడియోగా మార్చుకుని చదివి 98 శాతం తెచ్చుకున్నాడు. ఆ తర్వాత అమెరికాలోని ఎం.ఐ.టి.లో చేరాడు.

ఊరి బడి కలుపుకుంది గానీ చదువు చెప్పలేదు. ప్రత్యేక బడి చదువు చెప్పింది గానీ ఊరినీ అమ్మానాన్నల్నీ దూరం చేసింది. ఇంటర్ దగ్గర మామూలు వ్యవస్థ అసలు లోపలికే రానివ్వలేదు. ఏ బడి మంచిది అన్న ప్రశ్నకి ఇందులో సూటి జవాబు దొరకదు. కానీ ప్రతి మలుపులోనూ ఒకటే కనబడుతుంది. బ్రెయిలీ తెలిసిన మనిషి, ఆడియో పుస్తకం, అడ్డొచ్చిన నిబంధనను ప్రశ్నించిన టీచరు, ఇవి ఎక్కడ ఉంటే అక్కడ చదువు ముందుకు సాగింది.

వినికిడి లేని పిల్లల విషయంలో ఈ చిక్కు ఇంకా ముదురుతుంది. సైగల భాష ఎవరికీ రాని తరగతిలో బధిర పిల్ల యాభై మంది మధ్య కూర్చున్నా ఒంటరిదే. కాక్లియర్ ఇంప్లాంట్ ఆపరేషన్ చేయించుకున్న పిల్లలున్నారు. యంత్రం శబ్దాన్ని ఇస్తుంది, భాషను ఇవ్వదు. తర్వాత ఏళ్ల తరబడి వినడం, మాట్లాడడం నేర్పించాలి. అందుకే ఐక్యరాజ్యసమితి ఒడంబడిక కూడా చూపు, వినికిడి లేని పిల్లలకు వాళ్లకి తగిన భాషలో, వాళ్ల ఎదుగుదలకి అనువైన వాతావరణంలో చదువు ఉండాలని విడిగా చెప్పింది. బధిరుల పాఠశాలను ఎంచుకున్న తల్లిదండ్రుల్ని 'పిల్లని వేరు చేశారు' అని నిందించేవాళ్లంటే నాకు కోపం వస్తుంది. ఆ పిల్లకి కబుర్లు చెప్పుకునే నేస్తాలు అక్కడే దొరుకుతారు.

తరగతి గదిలో

మా మేనకోడలికి మేధో వైకల్యం ఉంది. ఊళ్లో ఒక బడిలో మూడేళ్లు చదివింది. హాజరు నూటికి తొంభై పైనే. ఆ మూడేళ్లూ కిటికీ పక్కన కూర్చుని రంగులు వేసింది. టీచర్లు చెడ్డవాళ్లు కాదు, ఒక్కరోజు కూడా కసురుకోలేదు. రెండు తరగతులు ఒకే గదిలో పెట్టుకుని నడిపేవాళ్లకి ఆ పిల్లకి ఏం చెప్పాలో తెలియదు, ఎవరూ చెప్పలేదు. నాలుగో ఏడు ఒక రిసోర్స్ టీచర్ వారానికి రెండుసార్లు రావడం మొదలుపెట్టారు. ఆవిడ చేసిన మొదటి పని, రంగుల కాగితాలు పక్కన పెట్టి చిల్లర డబ్బులు తెప్పించడం. ఐదు రూపాయల బిళ్లలు రెండు పెడితే పది. అర్ధసంవత్సరం పరీక్షలనాటికి మా పిల్ల కొట్టుకెళ్లి బిస్కట్ ప్యాకెట్ కొని, మిగిలిన చిల్లర లెక్కపెట్టి తెచ్చింది. మూడేళ్లు ఏమైపోయాయని మా అక్క ఆ సాయంత్రం ఏడ్చింది.

తెలుగు రాష్ట్రాల్లో ఈ పని చేసేవాళ్లని ఐ.ఇ.ఆర్.టి.లు, ఐ.ఇ.ఆర్.పి.లు (సహిత విద్య రిసోర్స్ టీచర్లు, రిసోర్స్ పర్సన్లు) అంటారు. మండలంలోని భవిత కేంద్రం వాళ్ల ఠికాణా. అక్కడ పిల్లలకి బడికి వెళ్లేముందు కావలసిన శిక్షణ, ఫిజియోథెరపీ శిబిరాలు, తోడుగా ఒక ఆయా. మిగతా రోజుల్లో బడులు తిరగాలి, ఇళ్లకి వెళ్లాలి, వివరాలు ఆన్‌లైన్‌లో ఎక్కించాలి, సదరం క్యాంపులకి పిల్లల్ని తోలుకెళ్లాలి. ఏళ్ల తరబడి వీళ్లు కాంట్రాక్టు మీదే పనిచేస్తున్నారు. మండలంలో పాతిక బడులుండి, ఒకరిద్దరే ఉన్నారనుకోండి. రోజుకో బడి తిరిగినా ఒక పిల్ల వంతు వచ్చేది నెలకి ఒకటి రెండుసార్లు. ఆ ఒక్కరూ చూపు, వినికిడి, మేధో వైకల్యం, ఆటిజం అన్నీ చూడాలి. ఆమె చదివింది మాత్రం వీటిలో ఏదో ఒక దాంట్లో డిప్లొమానో బి.ఇడో.

ఈ లెక్క సరిపోదని కోర్టు కూడా అంది. 2021 అక్టోబరు 28న రజనీశ్ కుమార్ పాండే కేసులో సుప్రీంకోర్టు, ప్రాథమిక స్థాయిలో ప్రతి పదిమంది ప్రత్యేక అవసరాల పిల్లలకు ఒక స్పెషల్ టీచర్, ఆపై స్థాయిలో పదిహేనుమందికి ఒకరు ఉండాలని చెప్పింది. 2022 సెప్టెంబరులో కేంద్రం ఆ నిష్పత్తిని నోటిఫై చేసింది. రాష్ట్రాలు కదలకపోవడంతో 2025 మార్చిలో కోర్టు మళ్లీ కలగజేసుకుని, పోస్టులు మంజూరు చేసి ప్రకటించమంది. తెలంగాణ 2024 డీఎస్సీలో మొత్తం 11,062 పోస్టులుంటే వాటిలో స్పెషల్ ఎడ్యుకేషన్‌వి స్కూల్ అసిస్టెంట్లు 220, ఎస్.జి.టి.లు (ప్రాథమిక తరగతుల టీచర్లు) 796. ఆంధ్రప్రదేశ్ 2025లో 2,260 పోస్టులు మంజూరు చేసింది. రెగ్యులర్ ఉద్యోగాలుగా ఇవి రావడం నిజంగా సంతోషించదగ్గ మలుపు. నిష్పత్తి అంటే మాత్రం రాష్ట్రం మొత్తం మీద సగటు కాదు, ఒక బడిలో ఒక మనిషి. నలుగురు పిల్లలున్న బడి, ఇద్దరున్న బడి, ఒక్కరే ఉన్న బడి, వాటిని కలిపి ఒక టీచరుకి ఇస్తే ఆమె మళ్లీ బస్సులోనే ఉంటుంది.

అందుకే స్పెషల్ టీచర్ ఎంత అవసరమో, తరగతి టీచరు అంతకంటే ఎక్కువ అవసరం అంటాను. రోజూ ఉండేది ఆయనే. బోర్డు మీద రాస్తూ రాస్తున్నది పైకి చదివితే చూపు తక్కువైన పిల్లకి పాఠం అందుతుంది. బోర్డు వైపు తిరిగి మాట్లాడకుండా పిల్లల వైపు తిరిగి మాట్లాడితే పెదవులు చూసి అర్థం చేసుకునే పిల్లకి అందుతుంది. గంట కొట్టేముందు "ఇప్పుడు గంట మోగుతుంది నాన్నా" అని ఒక మాట చెబితే ఆటిజం ఉన్న బాబు చెవులు మూసుకుని బల్లకిందకి దూరడు. రాయలేని పిల్లవాణ్ని నోటితో చెప్పించుకుంటే వాడికి ఎంత వచ్చో తెలుస్తుంది. వీటిలో ఒక్కదానికీ పైసా ఖర్చు లేదు. తెలియాలి, అంతే. రెండు రోజుల శిక్షణా తరగతిలో అరగంట చెప్పి వదిలేస్తే తెలియదు.

భవనాల గురించి ఒక్కమాట. ర్యాంపు వాలు ఒకటికి పన్నెండు ఉండాలి. గచ్చు ఒకటిన్నర అడుగు ఎత్తుంటే ర్యాంపు పద్దెనిమిది అడుగులు సాగాలి. ఆరడుగుల్లో కట్టేసిన ర్యాంపుని చూస్తే, దాని మీద చక్రాల కుర్చీని ఒకసారి తోసి చూశారా అని అడగాలనిపిస్తుంది. అది ఎక్కడానికి కాదు, జారడానికి పనికొస్తుంది. మరుగుదొడ్డి సంగతి అంతకంటే తీవ్రం. ఎదిగిన ఆడపిల్లకి బట్టలు సర్దుకోవడానికి సాయం కావలసినప్పుడు, ఆ సాయం చేసే ఆయా బడిలో లేనప్పుడు, ఆరో తరగతిలోనో ఏడో తరగతిలోనో చదువు ఆగిపోతుంది. లేదా తల్లి కూలిపని మానుకుని మధ్యాహ్నందాకా బడి వరండాలో కూర్చుంటుంది. సమగ్ర శిక్ష కింద వైకల్యం ఉన్న ఆడపిల్లకి నెలకి 200 రూపాయల స్టైపెండ్ ఇస్తారు. తల్లి పోగొట్టుకున్న ఒక్కరోజు కూలి కూడా కాదది.

పరీక్ష దగ్గర

పదో తరగతి పరీక్షల్లో అదనపు సమయం, లేఖకుడు, ఉత్తీర్ణత మార్కుల్లో సడలింపు, కొన్ని భాషా పేపర్ల నుంచి మినహాయింపు ఉన్నాయి. కేంద్రం 2018లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం అదనపు సమయం గంటకి ఇరవై నిమిషాలకు తగ్గకూడదు. మన పదో తరగతిలో లేఖకుడిగా తొమ్మిదో తరగతి పిల్లవాడు కూర్చుంటాడు. కూర్చునేముందు ఇద్దరూ కలిసి సాధన చెయ్యాలని చాలామందికి తోచదు. లెక్కని నోటితో చెప్పి రాయించడం ఒక విద్య, అది పరీక్ష హాల్లో మొదటిసారి చేసేది కాదు.

ఈ రాయితీలు అవసరమే. వాటి వెనక ఒక బాధ ఉంది, అది చెప్పకపోతే ఈ వ్యాసం అబద్ధమవుతుంది. పదేళ్లు భాష నేర్పని బధిర పిల్లకి చివర్లో భాషా పేపరు మినహాయించి పాస్ చేస్తాం. ఆ పిల్ల మార్కుల మెమోతో బయటికొస్తుంది గానీ బ్యాంకు ఫారం చదవలేదు. మనం నేర్పలేకపోయినదాన్ని ఆమెకు చేతకానిదిగా లెక్కగట్టి దయచూపించాం. శ్రీకాంత్‌కి సైన్సు వద్దన్న ఆలోచనా, ఈ పిల్లకి తెలుగు అక్కర్లేదన్న ఆలోచనా ఒకే చెట్టు కొమ్మలు.

యునెస్కో మనదేశం మీద 2019లో ఇచ్చిన నివేదిక ప్రకారం, అయిదేళ్ల వయసున్న వికలాంగ పిల్లల్లో నాలుగింట మూడు వంతులమంది ఏ విద్యాసంస్థలోనూ లేరు. 5 నుంచి 19 ఏళ్ల వాళ్లందర్నీ తీసుకుంటే నాలుగో వంతు బయటే ఉన్నారు. 2011 జనాభా లెక్కల మీద ఆధారపడిన అంకెలివి, ఆ తర్వాత చేరికలు పెరిగి ఉంటాయనే ఆశ నాకూ ఉంది. కానీ ఈ అంకెలు చెప్పేది బడి బయటున్న పిల్లల గురించే. లోపల కిటికీ పక్కన కూర్చున్నవాళ్లు ఇందులో లేరు.

కాబట్టి జూన్‌లో పిల్లని చేర్చడానికి వెళ్లే అమ్మానాన్నలు "చేర్చుకుంటారా?" అని అడగక్కర్లేదు, చేర్చుకోవాలి. అడగాల్సినవి వేరే. మా పాప ఎక్కడ కూర్చుంటుంది, పక్కన ఎవరుంటారు? మరుగుదొడ్డికి ఎవరు తీసుకెళ్తారు? స్పెషల్ టీచర్ వారంలో ఏ రోజు వస్తారు, ఆమె ఫోన్ నంబరు ఏది? దసరా సెలవులనాటికి మా పాపకి ఏమేం నేర్పాలనుకుంటున్నారు, అది కాగితం మీద రాసిస్తారా? ఆ కాగితం ఇద్దరి దగ్గరా ఉండాలి, సంక్రాంతికి మళ్లీ తీసి చూసుకోవాలి. ఇవ్వలేమంటే ఎం.ఈ.ఓ.కి, అక్కడా కాకపోతే రాష్ట్ర వికలాంగుల కమిషనర్‌కి రాతపూర్వకంగా ఫిర్యాదు చెయ్యవచ్చు. ఫిర్యాదులో పిల్ల వైకల్యం ఎంత శాతమో రాయడంతో ఆగకండి. ఈ ఏడాది ఏమేం నేర్చుకుందో, ఏది నేర్పలేదో కూడా రాయండి.